దూరం చూసే పని

మా నాయిన దేవుళ్ల బొమ్మలు వేసేవాడు. ఈ మాట చెప్పగానే, క్యాలెండర్ బొమ్మలా, షాపు బోర్డులా అని అడుగుతారు కొందరు. నాకు ఒళ్లు మండుతుంది. ముప్పై మూరల గుడ్డ మీద, పైనుంచి కిందికి వరుసగా, ఒక కులం ఎట్లా పుట్టిందో ఆ కథంతా బొమ్మలుగా వేసేవాడు మా నాయిన. దాన్ని పటం అంటాం. కథ చెప్పేవాళ్లు రెండు గుంజల మధ్య ఆ పటం కట్టి, కొంచెం కొంచెం విప్పుతూ, కర్రతో చూపిస్తూ, పాడుతూ ఊరూరా తిరిగేవాళ్లు. పద్మశాలీల పటం పద్మశాలీల వాడలోనే విప్పాలి, కల్లు గీసే గౌండ్లవాళ్లది గౌండ్లవాళ్ల దగ్గరే. ఎవరి కథ వాళ్లది, ఎవరి దేవుడు వాళ్లకు.

వరంగల్‌లో కొత్తవాడ పక్కన ఒక సందులో ఉండేవాళ్లం. చుట్టూ మగ్గాలు. పొద్దున లేస్తే మగ్గం చప్పుడు, అన్నం తింటుంటే మగ్గం చప్పుడు. మా ఇంట్లో మాత్రం చప్పుడు ఉండేది కాదు. మాట్లాడితే చెయ్యి వణుకుతుందని నాయిన నోరు విప్పనిచ్చేవాడు కాదు. నాకేమో నోరు ఊరుకోదు. ముక్కు మీద కోపం. పెళ్లయి ఏడాది తిరక్కముందే పెట్టె పట్టుకుని పుట్టింటికి వచ్చినదాన్ని. ఆ సంగతి ఇక్కడ అనవసరం. వచ్చానని నాయిన ఒక్క మాట అనలేదు. "వచ్చినవా, మంచిగైంది. గుడ్డ తయారుజేసేటోళ్లు లేక చస్తాన" అన్నాడంతే.

గుడ్డ తయారుచేయడం మా ఇంట్లో ఆడవాళ్ల పని. ముతక గుడ్డకు గంజి, తెల్లసుద్ద, చింతగింజల అంబలి, తిరుమని బంక కలిపి పూత పూయాలి. ఎండలో ఆరాలి. మళ్లీ పూయాలి, మళ్లీ ఆరాలి. ఏ మూలైనా తడి మిగిలిందా, వేసిన రంగు ఏడాదికల్లా పెచ్చులూడిపోతుంది. అందుకే నాయిన కుంచె పట్టే ముందు "ఆరిందా బిడ్డా?" అని అడిగేవాడు. నేను నాలుగు మూలలూ అరచేత్తో తడిమి చెప్పేదాన్ని.

ఆడవాళ్లకు ఇంకో పని కూడా ఉంది. దూరం చూడటం. నాయిన గుడ్డకు జానెడు దూరంలో ముక్కు పెట్టుకుని వేస్తాడు. చూసే జనమేమో పన్నెండు మూరల అవతల చాపల మీద కూర్చుంటారు. దగ్గరికి సక్రమంగా ఉన్న బొమ్మ దూరానికి వంకర కొట్టొచ్చు. అందుకని ఒక మనిషి వాకిట్లో, గడపకు ఎదురుగా నిలబడి, జనం కన్నుతో చూసి ఉన్నదున్నట్టు చెప్పాలి. మా అవ్వ, అంటే మా అమ్మ, బతికున్నన్నాళ్లూ ఆ పని ఆమెదే. ఆమె నోటికి అడ్డూ అదుపూ లేదు. "గుర్రం ఏస్తివా, బర్రె ఏస్తివా?" అనేది. నాయిన పండ్లు నూరేవాడు, తుడిచేసి మళ్లీ వేసేవాడు. అవ్వ పోయాక ఆ చోట నేను నిలబడ్డాను. నేనేం తక్కువ తిన్నానా? "నాయినా, అది ఏనుగు తొండం గాదే, సొరకాయ" అనేదాన్ని. "నీ నోట్ల మన్నువడ, నీ అవ్వే నయముండె" అని తిడుతూ నవ్వేవాడు. తిట్టినా మళ్లీ పది నిమిషాలకు "ఎట్లున్నది బిడ్డా?" అని నన్నే అడిగేవాడు. ఆ ప్రశ్న వినడం కోసమే నేను ఆ ఇంట్లో ఉన్నానేమో అనిపిస్తుంది ఇప్పుడు.

పటంలో అన్నీ వేశాక కూడా కళ్లు వేయరు. ఇంటినిండా కట్టిన గుడ్డ మీద నూటికి పైగా దేవుళ్లు, రుషులు, రాణులు, పులులు, అందరూ తెల్లటి ఖాళీ కళ్లతో ఉంటారు. కళ్లు పెట్టడానికి ఒక రోజు చూసుకుంటారు. కథ చెప్పేవాళ్లు బియ్యం, కొబ్బరికాయ, నాయినకు కొత్త ధోవతి తెస్తారు. ఆ రోజు నాయిన పచ్చి మంచినీళ్లు ముట్టడు. మొదట గణపతికి కళ్లు పెడతాడు. ఒకసారి మొదలుపెట్టాక చివరి బొమ్మ వరకు ఆపకూడదు. సగం మంది చూస్తూ, సగం మంది గుడ్డిగా ఉంటే ఆ ఇంటికి కీడు. పెట్టిన కన్ను మళ్లీ దిద్దకూడదు, చెరపకూడదు. దేవుడి కన్ను పొడిచినట్టే. ఒక్క గణపతి కన్ను తప్పితే మాత్రం అక్కడికి ఆపి, ఆ ముక్క కత్తిరించి కొత్త గుడ్డ అతికించొచ్చు. అది దాటితే ఇంక దారి లేదు. కళ్లు కుదరని పటాన్ని ఎవరూ విప్పరు. అట్లాగే, కొత్త పటానికి కళ్లు పెట్టిన రోజునే పాతదానికి ప్రాణం పోయినట్టు. చనిపోయిన మనిషికి చేసినట్టే దానికి స్నానం పోసి, పసుపు పెట్టి, ఏడ్చి, గోదాట్లో వదిలి రావాలి.

ఎనభైల మొదట్లో నాయిన కళ్లకు పొరలు కమ్మాయి. ముందు నేనూ గమనించలేదు. కొబ్బరి చిప్పల్లో రంగులు ఎప్పుడూ ఉండేచోట లేకపోతే నా మీద అరిచేవాడు. ఒకరోజు చూద్దును కదా, చిప్పను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు. ఎర్రటి ఇంగిలీకమా, నీలమా తెలియక. చెయ్యి పట్టుకుని హనుమకొండ దవాఖానకు లాక్కుపోయాను. కుడి కన్ను ఎప్పుడో పోయిందన్నాడు డాక్టరు. ఎడమది ఈ నెలలో ఆపరేషన్ చేస్తే దక్కుతుంది, ఇంకా నాన్చితే అదీ దక్కదన్నాడు.

అప్పటికి ఇంట్లో పద్మశాలీల పటం ఒకటి కళ్ల కోసం ఎదురుచూస్తూ ఉంది. కథ చెప్పే పెద్దాయన, ఆయన ఇద్దరు తమ్ముళ్లు మూడేళ్ల నుంచి అడుగుతున్న పటం అది. వాళ్ల పాత పటం మా తాత వేసింది. అతుకుల మీద అతుకులు పడి, విప్పితే చిరుగుతోంది. సాలెవాళ్లు, అంటే ఆ పద్మశాలీలే, సగం మంది మరమగ్గాల పనికి భీవండికి, సూరత్‌కు పోతున్న రోజులు. ఉన్నవాళ్లైనా కథ పెట్టించుకుంటారంటే కొత్త పటం కావాలని పెద్దాయన ఆశ.

"పటానికి కండ్లు వెట్టినంకనే నా కండ్లు" అన్నాడు నాయిన.

"కనబడకుంట ఎట్ల వెడ్తవే? జనగామ దిక్కున్న బాబాయిని పిలుస్త" అన్నాను. ఆయన మాకు వరుసకు బాబాయి, ఆయనా పటాలు వేసేవాడే. డబ్బా రంగులు కొని వాడుతున్నాడని నాయినకు ఆయనంటే గిట్టేది కాదు.

నా మాట పూర్తి కాకముందే కొబ్బరి చిప్ప గోడకు తగిలింది. "నేనేసిన దేవునికి వాడు కండ్లు వెడ్తడా? నేను సచ్చినంక వెట్టుమను!"

రెండు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. మూడో రోజు పెద్దాయనకు కబురు పెట్టాను. తొందరగా కళ్లు పెట్టించేసి, మర్నాడే దవాఖానలో చేర్పించాలని నా లెక్క. నెలలో ఇంక ఆరు రోజులే ఉన్నాయి.

ఆ పొద్దున నాయిన స్నానం చేసి, కొత్త ధోవతి కట్టుకుని, గణపతి ముందు కూర్చున్నాడు. పెద్దాయన, తమ్ముళ్లు వాకిట్లో చాప మీద కూర్చున్నారు. నేను గడపకు ఎదురుగా నా చోట్లో నిలబడ్డాను. నాయిన వేలితో గణపతి ముఖం తడిమాడు, కంటి ఖాళీ ఎక్కడుందో చూసుకున్నాడు. ఉడత వెంట్రుకల కుంచె మసిలో ముంచాడు. చెయ్యి వణకలేదు. ఆ చెయ్యి చివరిదాకా ఎప్పుడూ వణకలేదు.

రెండు కళ్లూ పెట్టి వెనక్కి తిరిగాడు. "ఎట్లున్నయి బిడ్డా? సక్కగున్నయా?"

ఒక కన్ను చెవి దిక్కుకు పోయింది. ఇంకోటి కిందికి, ఎలుక మీదికి చూస్తోంది. దేవుడి ముఖం దేవుడి ముఖంలా లేదు, తప్పిపోయిన పిల్లవాడి ముఖంలా ఉంది.

నేను నిజం చెబితే ఏమయ్యేది? ఆ ఒక్క ముక్క కత్తిరించి కొత్త గుడ్డ అతికేవాళ్లం. పూత పూయాలి, ఆరాలి, మళ్లీ బొమ్మ వేయాలి. నెల దాటేది. నాయిన దవాఖానకు రాడు. కన్ను పోతుంది. ఇదంతా నేను అప్పుడు ఆలోచించానా, లేక ఆ ముఖం చూసి జాలిపడి నోరు అదే పలికిందా? నలభై ఏళ్లుగా తవ్వుకుంటున్నాను, నాకే తేలలేదు. ఏనుగు తొండాన్ని సొరకాయ అన్న నోరు ఇదే.

"మంచిగున్నయ్ నాయినా" అన్నాను.

నాయిన ముఖం విప్పారింది. "చూసినవా మరి! కండ్లతోటి ఏస్తరా బొమ్మలు? చేతులతోటి ఏస్తరు" అని పక్క బొమ్మకు జరిగాడు.

ఇంక ఆగడానికి లేదు. పొద్దుగూకే దాకా పెడుతూనే ఉన్నాడు. ప్రతి బొమ్మకూ తిరిగి అడిగాడు. ప్రతిసారీ బాగున్నాయన్నాను. పులి మీద కూర్చున్న రుషి, అదే సాలెవాళ్ల మూలపురుషుడు, ఆయన కళ్లు నుదుటి మీదికి ఎక్కాయి. పెళ్లికూతురు రాణి పెళ్లికొడుకును వదిలేసి గుంజను చూస్తోంది. పెద్దాయన తల తిప్పి నన్ను చూశాడు. కొంగు కింద రెండు చేతులూ జోడించాను. ఆయన తల దించుకున్నాడు. సాయంత్రం పటాన్ని చుట్టి, కొబ్బరికాయ కొట్టి, నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయారు. నాయిన ఆ రోజు తిన్నంత అన్నం తినగా నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడే దవాఖానలో చేర్పించాను. ఆపరేషన్ మంచిగా అయింది. కట్టు విప్పి, సోడాబుడ్డి అద్దాలు పెట్టిన రోజు నాయిన మొదట చూసింది నన్నే. చాలాసేపు చూశాడు. "ఇంత బక్కగైనవేందే? తింటలేవా?" అన్నాడు. దవాఖాన వరండాలో కూర్చుని ఏడ్చాను, సంతోషంతో. నేను చేసింది మంచి పనేనని ఒక నెలంతా నమ్మాను. ఆ నెల నా జీవితంలో మంచి నెల.

తర్వాత మొదలైంది. "పటం జర తెమ్మను బిడ్డా, ఈ కన్నుతోటి ఒక్కసారి చూసుకుంట." పెద్దాయన ఒకసారి నర్సంపేట దిక్కు ఉన్నామన్నాడు, ఇంకోసారి తమ్ముడికి జ్వరం అన్నాడు. నిజం నాకు తెలుసు. ఒకసారి నాయిన ఇంట్లో లేనప్పుడు వచ్చి గడప మీద కూర్చుని చెప్పాడు. రెండు ఊళ్లలో విప్పితే పిల్లలు నవ్వారట. ఒక ముసలామె లేచి, "మా దేవునికి మెల్లకన్ను వెట్టుకొస్తిరా?" అని అడిగి కథ ఆపించిందట.

"నీ నాయినకు చెప్పనమ్మా. ఆయన చేతి అన్నం తిన్నోన్ని" అన్నాడు.

"మరి కథ ఎట్ల చెప్తాన్రు కాకా?" అని అడిగాను. పని ఉందంటూ లేచి వెళ్లిపోయాడు.

ఒకరోజు మా వాడ మనిషి మాటల్లో అన్నాడు, రఘునాథపల్లి దగ్గర ఒక ఊళ్లో పటం కథ నడుస్తోందని. నాయిన చెప్పులు వేసుకున్నాడు. వద్దంటే ఆగే మనిషా? వెనకే బస్సెక్కాను. దారిపొడుగునా కిటికీలోంచి చూస్తూ, "అగో పత్తి పువ్వు వూసింది, అగో ఎర్ర బర్రె" అని నాకు చూపిస్తూనే ఉన్నాడు, కన్ను వచ్చిన మురిపెంలో. నేను ఒక్కటీ చూడలేదు.

మేము చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. సాలెవాళ్ల వాడలో పందిరి కింద పది పదిహేను మంది కూర్చున్నారు. పెద్దాయన కర్ర పట్టుకుని పాడుతున్నాడు. రెండు గుంజల మధ్య కట్టింది కొత్త పటం కాదు. మా తాత వేసిన పాతది. అతుకుల పటం. గోదాట్లో కలిసిపోయి ఉండాల్సింది.

నాయిన నిలబడిపోయాడు. పెద్దాయన మమ్మల్ని చూసి పాట ఆపేశాడు. చచ్చిన పటాన్ని విప్పి కథ చెప్పడమంటే కథ చెప్పేవాళ్ల ఇళ్లల్లో ఎంత తప్పో ఆ అన్నదమ్ములకూ తెలుసు, మాకూ తెలుసు. అన్నం పెట్టే ఇంకో పటం లేక చేస్తున్నారని నాయినకు అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు.

"కొత్తది తే" అన్నాడు.

"అన్నా, వద్దే..."

"తెమ్మన్న గద."

జనం వెళ్లిపోయాక వెనక ఇంటి గోడకు మేకులు కొట్టి కొత్త పటం కొంచెం కొంచెంగా విప్పుతూ పోయారు. నాయిన దానికి దగ్గరికి పోలేదు. వెనక్కి వెనక్కి నడిచి, సరిగ్గా పన్నెండు మూరల దూరంలో, నేను నిలబడాల్సిన చోట నిలబడ్డాడు. అద్దాలు తీసి ధోవతితో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. గణపతి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క బొమ్మనే చూశాడు. ఒక్కటీ వదలలేదు. నేను ఏ కన్నును కాపాడానో, ఆ కన్నుతోనే చూశాడు.

తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. నా దిక్కు తిరిగి మెల్లగా అన్నాడు: "గణపతికి వెట్టినప్పుడే నిన్ను అడిగిన గద బిడ్డా."

అంతే. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

వారం తిరగకుండా పెద్దాయన వాళ్లతో కలిసి రెండు పటాలనూ తీసుకుని ఏటూరునాగారం బస్సెక్కి గోదారికి పోయాం. ఒకటి మా తాత వేసింది, ఒకటి నాయిన వేసింది. రెండింటికీ నాయినే స్నానం పోశాడు, పసుపు పెట్టాడు. పాతది వెంటనే మునిగింది. కొత్తది గట్టి పూత, నేను పూసిన పూత. మునగలేదు. నీళ్ల మీద విచ్చుకుని, వంకర కళ్లన్నీ ఆకాశాన్ని చూస్తూ చాలా దూరం పోయింది. పెద్దాయన గట్టిగా ఏడ్చాడు. నాయిన ఏడవలేదు. ఒడ్డున నిలబడి కనబడినంత దూరం చూశాడు.

పెద్దాయన వాళ్లకు పటం వేసిపెట్టమని బాబాయికి నాయినే జాబు రాయించాడు. నేనే రాశాను. తను మళ్లీ కుంచె పట్టలేదు. బాబాయికి గుడ్డలు తయారుచేసి పంపే పని పెట్టుకున్నాం. నేను పూత పూసేదాన్ని, తను సుద్ద నూరేవాడు.

నాతో మాట్లాడలేదనుకునేరు. మాట్లాడేవాడు. తిన్నవా అనేవాడు, పాలు వచ్చినయి అనేవాడు. కానీ ఆ తర్వాత బతికిన నాలుగేళ్లలో ఒక్కసారి కూడా "ఎట్లున్నది?" అని అడగలేదు. కూరలో ఉప్పు ఎట్లుందో తానే చూసుకున్నాడు. గుడ్డ ఆరిందా అని కూడా అడగలేదు. గోడ పట్టుకుని, గడప తడుముకుంటూ, ఒంటికంటితో వాకిట్లోకి వచ్చి తానే నాలుగు మూలలూ తడిమి చూసుకునేవాడు. ఒకసారి గడప తగిలి పడ్డాడు, మోచెయ్యి గీరుకుపోయింది. "నన్ను అడిగితే ఏం పోతుండె?" అని అరిచాను. దులుపుకుని లేచి, మళ్లీ గుడ్డ దిక్కే పోయాడు. ఆ రోజు అన్నం కుండ నేలకేసి కొట్టాను. నా కోపం అంతా నా మీదే.

ఆఖరు ఎండాకాలం ఆయన మంచం పట్టాడు. దమ్ము. నాలుగడుగులు వేస్తే ఊపిరి అందేది కాదు. ఆ రోజు వాకిట్లో గుడ్డ పరిచి ఉంది, రెండో పూత. మధ్యాహ్నం ఎండ తిరిగింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నాయిన మంచం మీద లేవబోయాడు, కాళ్లు కింద పెట్టాడు, కాసేపు అట్లాగే కూర్చున్నాడు. మళ్లీ పడుకున్నాడు.

"ఆరిందా బిడ్డా?"

చేతిలో గరిటె అక్కడే వదిలేశాను. వాకిట్లోకి పోయి మోకాళ్ల మీద కూర్చుని, ఆ గుడ్డనంతా తడిమాను. మూలలే కాదు, జానెడు జానెడు చొప్పున మొత్తం తడిమాను. ఆరిందని చెబితే ఆయన కళ్లు మూసుకుని నిద్రపోతాడు. ప్రహరీ పక్క మూల, అరచెయ్యంత మేర ఇంకా చల్లగా ఉంది.

లోపలికి వచ్చాను. "ఆరలే నాయినా. గోడ దిక్కు మూలకు ఇంక తడి ఉన్నది."

ఆయన నా దిక్కు తిరిగాడు. ఆ లావు అద్దాల్లోంచి నన్ను చూశాడు.

"అయితే ఉండనియ్" అన్నాడు. "రేపు పొద్దుగాల మళ్ల చూసి చెప్పు."

మర్నాడు పొద్దున గుడ్డ పూర్తిగా ఆరింది. చెప్పడానికి మంచం దగ్గరికి పోయాను. ఆయనలో ఊపిరి లేదు. అయినా చెప్పాను.